పిల్లల్ని ఎవరు చూసుకుంటారని అడుగుతున్నారు... పోటీ చెయ్యనా, మానుకోనా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. పాప ఐదో తరగతి. బాబు కోవిడ్ ఏడాదిలో పుట్టాడు, ఇప్పుడు యూకేజీ. మా వార్డు మహిళకు రిజర్వయితే మావయ్యగారు నిలబడమన్నారు, 2021లో కౌన్సిలర్‌గా గెలిచాను. మొదట్లో చెప్పిన చోట సంతకం పెట్టేదాన్ని. తర్వాత డ్రైనేజీ పనులు, కుళాయి కనెక్షన్లు దగ్గరుండి చేయించాను. ఇప్పుడు పార్టీలో పెద్దలు వచ్చే అసెంబ్లీ ఎన్నికలకి నా పేరు అనుకుంటున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నాకూ చెయ్యాలని బాగా ఉంది. ఈ మాట బయటికొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో మనశ్శాంతి లేదు. అత్తయ్యగారు "కౌన్సిలరంటే వీధి చివర. ఎమ్మెల్యే అంటే ఇల్లు వదిలెయ్యడమే. పిల్లల గతేంటి?" అంటున్నారు. ఆడపడుచు ఫోన్ చేసి "పదవి పిచ్చి పట్టిందా వదినా?" అంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన నా ఫొటో కింద "పాపం పిల్లలు" అని పెట్టాడు. మా వారు బ్యాంకులో చేస్తారు. అడిగితే "నీ ఇష్టం" అంటారు. పాప మాత్రం "నువ్వు ఎమ్మెల్యే అయితే నా హోంవర్క్ ఎవరు చూస్తారమ్మా?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నేను స్వార్థపరురాలినా? అడిగిన వాళ్లకి ఏం చెప్పాలి? — పేరు వద్దు.

సమాధానం:

ముందు మీ ఉత్తరంలోని తేదీలు ఒకసారి చూద్దాం. మన మున్సిపల్ ఎన్నికలకి నామినేషన్లు వేసింది 2020 మార్చిలో. కోవిడ్ వచ్చి అంతా ఆగిపోయి, ఓట్లు పడింది 2021 మార్చిలో. అంటే మీరు నామినేషన్ వేసే నాటికి బాబు కడుపులోనో, ఒళ్లోనో ఉన్నాడు. ఓట్లడిగే నాటికి పాలు తాగే పిల్లాడు. వాణ్ని ఇంట్లో పెట్టి, మాస్కు కట్టుకుని మీరు మెట్లెక్కి దిగుతుంటే అత్తయ్యగారికి పిల్లల గతి గుర్తు రాలేదు. ఆడపడుచుకి పదవి పిచ్చి కనిపించలేదు. ఇప్పుడు వాడు తన బ్యాగు తనే తగిలించుకుని స్కూలుకెళ్లే వయసుకి వచ్చాక గుర్తొచ్చింది.

ఎందుకంటారు? అప్పుడు నిలబడమన్నది మావయ్యగారు. ఇప్పుడు నిలబడతానంటున్నది మీరు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి అనుకోకండి. మీ జిల్లానే చూడండి. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్లారు! పిల్లల్ని తల్లికో అత్తకో అప్పజెప్పి వెళ్తారు, రెండేళ్లకో మూడేళ్లకో ఓసారి వస్తారు. వాళ్లు పంపిన డబ్బుతో స్లాబులు వేసుకున్న ఇళ్లున్నాయి. వాళ్లని వీధిలో నిలదీసి "నీ పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారే?" అని ఎవరూ అడగలేదు. భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీల బస్సులు పొద్దున్నే వచ్చి ఆడవాళ్లని ఎక్కించుకుపోతాయి. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి వస్తారు. వాళ్లూ తల్లులే. వాళ్ల గురించి ఏ గ్రూపులోనూ "పాపం పిల్లలు" అని ఎవరూ పెట్టరు.

రాజకీయాల్లో కూడా మరో రకం తల్లిని మన జనం నెత్తిన పెట్టుకుంటారు. భర్త ఎమ్మెల్యేగా ఉండి పోతే, ఉప ఎన్నికలో భార్యకి టికెట్ ఇస్తారు. ఆవిడ పసిపిల్లల్ని పక్కన నిలబెట్టుకుని ప్రచార రథం మీద దణ్ణం పెడితే కింద ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ పిల్లలకి అప్పుడే తండ్రి పోయాడు, తల్లి అవసరం మామూలుకంటే ఎక్కువ. అయినా "ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకోమ్మా" అని ఒక్కరూ అనరు. ఎందుకంటే ఆవిడ తన కోసం రాలేదు, ఆయన కుర్చీ కోసం వచ్చింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. తల్లి ఇంట్లో లేకపోవడం మన వాళ్లకి పెద్ద అభ్యంతరం కాదు. ఆమెకి కావాలని అనిపించడమే అభ్యంతరం. మీరు "సిగ్గుగా ఉంది" అని రాశారు చూడండి, ఆ సిగ్గు వాళ్లు నేర్పిందే. అందుకే స్వార్థమా అన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు కూర్చోను. పదవి కోరుకోవడం తప్పయితే 175 నియోజకవర్గాల్లో తిరుగుతున్న తండ్రులందరూ తప్పు చేస్తున్నట్టే.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అమెరికాలో 2008 ఎన్నికలు. కాస్త వివరంగానే చెబుతాను, మీకు పనికొచ్చే సంగతులు అందులో చాలా ఉన్నాయి.

ఆ ఏడాది ఆగస్టు 29న రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి జాన్ మెక్‌కెయిన్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా సారా పేలిన్‌ని ప్రకటించారు. అలాస్కా రాష్ట్రానికి గవర్నర్ ఆవిడ. ఐదుగురు పిల్లలు. ఆఖరివాడు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు, అప్పటికి వాడికి నాలుగు నెలలు. మూడు రోజులు తిరక్కుండానే, 17 ఏళ్ల పెద్దమ్మాయి గర్భవతి అని కుటుంబమే ప్రకటించాల్సి వచ్చింది. ఇక చూడండి. నెలల పిల్లాణ్ని, అదీ ప్రత్యేకమైన అవసరాలున్న పిల్లాణ్ని పెట్టుకుని ఉపాధ్యక్ష పదవికి ఎలా పోటీ చేస్తుందని టీవీల్లో, పత్రికల్లో, ఇళ్లలో ఒకటే చర్చ. విచిత్రం ఏమిటంటే పక్షాలు తారుమారయ్యాయి. ఆడవాళ్లు ఉద్యోగాలు చెయ్యాలని ఏళ్ల తరబడి వాదించిన వాళ్లలో కొందరు "ఈవిడకి కుదురుతుందా?" అని సందేహపడ్డారు. తల్లి ఇంట్లో ఉండాలని బోధించిన వాళ్లలో కొందరు "అన్నీ చెయ్యగలదు, ధీరురాలు" అని చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు అవతలి పక్షం చూడండి. డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి ఒబామాకి ఇద్దరు ఆడపిల్లలు, పదేళ్లు, ఏడేళ్లు. ఆయన దాదాపు రెండేళ్లు ఊళ్లు పట్టుకుని తిరిగారు. పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారన్న ప్రశ్న ఆయన్ని వెంటాడలేదు. ఉపాధ్యక్ష అభ్యర్థి జో బైడెన్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. 1972 నవంబరులో ఆయన సెనేటర్‌గా గెలిచారు. డిసెంబరు 18న కారు ప్రమాదంలో భార్య, ఏడాది దాటిన కూతురు చనిపోయారు. మూడేళ్లు, రెండేళ్లు వయసున్న కొడుకులిద్దరూ ఆసుపత్రిలో పడ్డారు. జనవరిలో ఆయన ప్రమాణస్వీకారం ఆ ఆసుపత్రిలోనే, పిల్లల దగ్గరే జరిగింది. ఆ తర్వాత విల్మింగ్టన్ నుంచి వాషింగ్టన్‌కి రోజూ రైల్లో వెళ్లి రాత్రికి ఇంటికి చేరేవారు. ఈ కథ విని గొంతు పట్టుకోని వాళ్లుండరు. గౌరవించదగ్గ మనిషే. కానీ అందులో ఒక మాట పక్కకి జరిగిపోతుంది. ఆయన రైల్లో ఉన్నప్పుడు ఆ పిల్లల దగ్గరున్నది ఆయన చెల్లెలు వలేరీ. ఆ ఇంటికొచ్చి ఉండి పెంచింది.

తల్లిలేని ఇద్దరు పసివాళ్లని ఇంట్లో వదిలి రోజూ వేరే ఊరు వెళ్లొచ్చిన తండ్రి త్యాగమూర్తి అయ్యాడు. ఐదుగురు పిల్లలకీ తండ్రి బతికే ఉండి, చూసుకోవడానికి సిద్ధంగా ఉన్న తల్లి బాధ్యత లేనిదయింది. ఇద్దరూ పోటీ చేసింది ఒకే ఏడాది, ఒకే పదవికి.

పేలిన్ నుంచి ఇంకో పాఠం కూడా ఉంది. ఇది మీకు నచ్చకపోవచ్చు. ఆవిడ పార్టీ మహాసభలో తనని తాను హాకీ ఆడే పిల్లల తల్లిగా పరిచయం చేసుకుంది, కుటుంబాన్ని వేదిక మీదికి తెచ్చింది. తల్లిని అని ఓటడిగితే తల్లిగానే తూకం వేస్తారు. తర్వాత "నా పిల్లల జోలికి రాకండి" అనడం కష్టమవుతుంది. ఒబామా అప్పట్లో పిల్లల్ని ఇందులోకి లాగొద్దని గట్టిగానే చెప్పారు, తన తల్లికి పద్దెనిమిదేళ్లకే తను పుట్టానని గుర్తు చేశారు కూడా. అయినా ఆ మాటలు ఆగలేదు. అందుకని మీ పిల్లల్ని ఫ్లెక్సీల మీద వేయించకండి. ప్రచార వాహనం ఎక్కించకండి. "మీ ఇంటి ఆడపడుచుని" అనే పాత పాట కూడా అవసరమా అని ఆలోచించండి. డ్రైనేజీ వేయించానన్నారు కదా, అది చెప్పండి. ఎన్ని మీటర్లు, ఏ వీధి, ఎంత ఖర్చు.

అలాగే ఒక ఆడమనిషి మీద వచ్చే విమర్శ అంతా తల్లి అన్నందుకే వస్తోందని కూడా అనుకోవద్దు. ఏ పత్రికలు చదువుతారని టీవీ ఇంటర్వ్యూలో అడిగితే పేలిన్ ఒక్క పేరూ చెప్పలేకపోయారు. జనం నవ్వారు. అది న్యాయమైన ప్రశ్న, మగవాణ్ని కూడా అడగాల్సిందే. మీ మున్సిపాలిటీలో ఫలానా బిల్లు మీద మీరు సంతకం ఎందుకు పెట్టారని రేపు ఎవరైనా అడిగితే దాన్ని ఆడవాళ్ల మీద దాడి అనకండి. మొదట్లో చెప్పిన చోట సంతకం పెట్టానని మీరే రాశారు. ప్రత్యర్థులు ఆ కాగితాలు తప్పకుండా తీస్తారు. వాటిని ముందు మీరు తీసి చదవండి. నిజం చెప్పాలంటే అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టిన మాటకంటే ఆ సంతకాల గురించే నాకు ఎక్కువ టెన్షన్.

"సరే, వాళ్లకి నచ్చేలా సర్దుకుంటే నోళ్లు మూతపడతాయేమో" అని మీకు అనిపించవచ్చు. పడవు. న్యూజిలాండ్‌లో జసిండా ఆర్డెర్న్‌ని 2017 ఆగస్టులో పార్టీ నాయకురాలైన గంటల్లోనే టీవీలో పిల్లల్ని కనే ఆలోచన ఉందా అని అడిగారు. ఆవిడ 2018 జూన్‌లో ప్రధాని పదవిలో ఉండగానే కూతుర్ని కన్నారు, ఆరు వారాలు సెలవు తీసుకున్నారు. సెప్టెంబరులో నౌరు దీవిలో పసిఫిక్ దేశాల సమావేశం. పాపకి అప్పటికి 11 వారాలు, అక్కడికి తీసుకెళ్లాలంటే వేయించాల్సిన టీకాలకి వయసు చాలదు. పాలిచ్చే తల్లి. మూడు రోజులు పాపని వదిలి ఉండలేక, ఒక్క రోజుకి వెళ్లొచ్చేలా వైమానిక దళం విమానం ఇంకోసారి తిరిగింది. ప్రజల సొమ్ము వృథా అని గొడవ. వెళ్లకపోతే "అయ్యో, పిల్ల పుట్టాక ప్రధాని పని మానేసింది" అనేవాళ్లు. ఫ్రాన్స్‌లో న్యాయశాఖ మంత్రి రషీదా దాతి 2009 జనవరిలో సిజేరియన్ అయిన ఐదో రోజే మంత్రివర్గ సమావేశానికి వచ్చారు. అంత తొందరేమిటి, మిగతా తల్లుల సెలవుకి ఎసరు పెడుతోందని తిట్టారు. ఆస్ట్రేలియాలో జూలియా గిల్లార్డ్‌కి పిల్లల్లేరు. కావాలనే పిల్లల్ని కనలేదు, అలాంటి ఆమె నాయకత్వానికి పనికిరాదని 2007లో ఒక సెనేటర్ అన్నాడు. మూడేళ్లకి ఆవిడ ప్రధాని అయింది.

మన దగ్గర మరో చిత్రం. పిల్లలు ఇద్దరికి మించితే పంచాయతీకి, మున్సిపాలిటీకి పోటీ చెయ్యడానికి పనికిరారన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడు దశాబ్దాలు నడిచింది. 2024 నవంబరులో తీసేశారు. ఎమ్మెల్యేలకీ ఎంపీలకీ మాత్రం ఆ లెక్క ఎప్పుడూ లేదు. పెద్ద పదవుల్లో ఎక్కువమంది ఎవరున్నారో, చిన్న పదవుల్లోకి రిజర్వేషన్‌తో ఎవరొచ్చారో మీకు తెలిసిందే కదా.

కాబట్టి జనం నోటికి భయపడి తీసుకునే నిర్ణయం ఎటు తీసుకున్నా పనికిరాదు. ఇప్పుడు ఆ మాట పక్కన పెట్టేద్దాం. ఎందుకంటే అదే ప్రశ్న మీ పాప కూడా అడిగింది. వాట్సాప్ పెద్దమనిషి అడిగితే అది ఎత్తిపొడుపు. పాప అడిగితే అది నిజమైన ప్రశ్న. హోంవర్క్ ఎవరు చూస్తారు? దానికి జవాబు మీరు ఒక్కరే చెప్పాల్సింది కాదు.

ఎమ్మెల్యే పని ఎలా ఉంటుందో మీకు కొంత తెలుసు, పూర్తిగా తెలుసో లేదో అని చెబుతున్నాను. అసెంబ్లీ కూర్చునే రోజులు ఏడాదిలో తక్కువే. మిగతా కాలమంతా నియోజకవర్గమే. పొద్దున ఆరింటికే హాల్లో మనుషులు కూర్చుని ఉంటారు. ఒకరికి పింఛను ఆగిపోయింది, ఒకరికి అన్నదమ్ముల గట్టు తగాదా, ఇంకొకరికి తిరుమల దర్శనానికి లెటర్ కావాలి. ఆ లెటర్ దొరక్కపోతే ఐదేళ్లూ గుర్తుపెట్టుకుంటారు. మధ్యాహ్నం అధికారుల సమీక్ష. సాయంత్రం ఓపెనింగులు. రాత్రి పదకొండుకి ముహూర్తం ఉన్న పెళ్లి, దాని తర్వాత ఇంకో పెళ్లి, తెల్లారకముందే ఎవరో పోయారని ఫోను, పరామర్శ. మాఘమాసంలో మీ పిల్లలకి మీరు కనిపించేది నిద్రలోనే. ఇది దాచిపెట్టి "అన్నీ కుదురుతాయి" అని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఈ పద్ధతి అంతా ఇంట్లో భార్య ఉన్న మగవాడి కోసం తయారైంది. ఆయన అర్ధరాత్రి వచ్చినా పిల్లలకి స్నానాలయ్యి, టిఫిన్ బాక్సులు సర్ది ఉంటాయి.

మీకు ఆ భార్య లేదు. మీకున్నది "నీ ఇష్టం" అనే భర్త.

ఆయన చెడ్డవాడని అనను. కానీ "నీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టు కాదు, రేపు తేడా వస్తే "నేను ముందే చెప్పాను" అనడానికి దారి ఉంచుకోవడం. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక కూర్చోబెట్టండి. ఎవరు సపోర్ట్ చేస్తారు, ఎంత చేస్తారు అనే పెద్ద మాటలు వద్దు. బాబుని యూకేజీకి దింపేది ఎవరు? వాడికి రాత్రి జ్వరమొస్తే మర్నాడు సెలవు పెట్టేది ఎవరు? పాప లెక్కలు ఎవరు చూస్తారు? స్కూల్ పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరు వెళ్తారు? బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ వస్తే? ఆర్డెర్న్ ఆరు వారాలకి తిరిగి పనిలోకి వెళ్లగలిగింది ఆవిడ గొప్పతనం ఒక్కటే కాదు. టీవీలో చేపలవేట కార్యక్రమం చేసే ఆవిడ భాగస్వామి క్లార్క్ గేఫోర్డ్ పాపని చూసుకునే పని తను తీసుకున్నాడు, ఆ సంగతి దేశానికంతా ముందే చెప్పాడు. మీ వారు కూడా పదిమందిలో ఒక్కసారి "పిల్లల సంగతి నేను చూస్తాను" అని తన నోటితో అనాలి. ఆ మాట మీరు వందసార్లు చెప్పినా ఆయన ఒక్కసారి అన్నంత పని చెయ్యదు. అన్యాయమే. కానీ పని చేస్తుంది.

అన్నారంటే చేస్తారని కాదు. ఎన్నికలకి ఇంకా టైముంది కదా, పార్టీ సభ్యత్వ నమోదు జరిగే నెల చూసుకుని ఆ నెలంతా ఇంటి పని ఆయనకి అప్పజెప్పి మీరు తిరగండి. పిల్లాడి సాక్స్ ఎక్కడుంటాయో అడగడానికి ఆయన మీకు ఎన్నిసార్లు ఫోన్ చేస్తారో చూడండి. మొదటి వారం చేస్తారు. నాలుగో వారం కూడా చేస్తుంటే ఆలోచించాల్సిందే.

అత్తయ్యగారి విషయంలో మీరు పొరబడుతున్నారేమో అని నాకొక అనుమానం. "పిల్లల గతేంటి" అన్న మాటలో "నా గతేంటి" అన్న మాట కూడా ఉంది. మీరు బయటికెళ్తే ఇద్దరు పిల్లలూ పడేది ఆవిడ మీదే. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి అనుకుంటాను, మోకాళ్లు నొప్పులుంటాయి. ఆ భారం గురించి ఆవిణ్ని ఎవరూ అడగలేదు, మీ వారు అసలు అడగరు. మీరు అడగండి. "అత్తయ్యా, మీ మీద పెట్టేసి వెళ్లిపోను, పనికి మనిషిని పెడదాం, మీరు పైన చూసుకుంటే చాలు" అని చెప్పండి. ఆ మనిషి జీతం మీ ఎన్నికల ఖర్చులో మొదటి పద్దు అనుకోండి. అమెరికాలో 2018లో ఒక మహిళా అభ్యర్థి అడిగితే, ప్రచార నిధుల నుంచి పిల్లల సంరక్షణకి ఖర్చు పెట్టుకోవచ్చని అక్కడి ఎన్నికల కమిషన్ ఒప్పుకుంది. మన పార్టీలు జెండాలకీ బిర్యానీకీ ఇస్తాయి గానీ దీనికి ఇవ్వవు. అత్తయ్యగారు ఒప్పుకోకపోవచ్చు కూడా. కానీ మీ మీద కోపం కాస్త తగ్గుతుంది. ఆడపడుచు మాటకి మాత్రం జవాబు అక్కర్లేదు.

సభలో ఏర్పాట్లేమైనా ఉంటాయా అంటే, పెద్దగా ఆశ పెట్టుకోకండి. మహారాష్ట్రలో సరోజ్ అహిరే అనే ఎమ్మెల్యే 2022 డిసెంబరులో రెండున్నర నెలల బాబుని ఎత్తుకుని నాగపూర్ అసెంబ్లీకి వచ్చారు. ఫొటోలు దేశమంతా తిరిగాయి, అందరూ మెచ్చుకున్నారు. తర్వాతి ఏడాది బడ్జెట్ సమావేశాలకి ముంబై వెళ్తే, పాలివ్వడానికి ఇచ్చిన గది దుమ్ము పట్టి ఉందని ఆవిడే బయటికొచ్చి చెప్పాల్సి వచ్చింది. ఇక ప్రసూతి సెలవంటూ ఎమ్మెల్యేకి విడిగా ఏమీ లేదు. రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం సభ అనుమతి లేకుండా 60 రోజులు గైర్హాజరైతే సీటు ఖాళీ అయిందని ప్రకటించవచ్చు, అంతే. మీకు ఆ అవసరం లేదు గానీ, మీ తర్వాత వచ్చే అమ్మాయికి ఉంటుంది. గెలిస్తే గుర్తుపెట్టుకోండి.

పాపకి ఏం చెప్పాలి? "ఏం మారదు కన్నా" అని మాత్రం చెప్పకండి, పదేళ్ల పిల్లకి అబద్ధం తెలిసిపోతుంది. హోంవర్క్ నాన్న చూస్తారని, కెమిస్ట్రీ వచ్చే క్లాసుకి చేరాక అది మాత్రం మీరే చెబుతారని చెప్పండి. వారంలో ఒక పూట ఫోను కూడా ఎత్తకుండా పిల్లలకే ఇస్తానని చెప్పి, ఆ పూట ముఖ్యమంత్రి వచ్చినా సరే నిలబెట్టుకోండి. ఇంకోటి, స్కూల్లో ఎవరైనా "మీ అమ్మ అలాగట, ఇలాగట" అంటే ఇంటికొచ్చి చెప్పమనండి. అంటారు. ఫొటోలు మార్ఫింగ్ చేసేవాళ్లు కూడా ఉంటారు. అలాంటివి కనపడితే తేదీ, అకౌంటు పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. "పట్టించుకోకు" అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

మన గడ్డ మీద ఇలాంటి తల్లి ఒకావిడ ఉండేది, ఈ తరానికి అంతగా తెలియదు. జె. ఈశ్వరీబాయి. సికింద్రాబాద్‌లో టీచరుగా పనిచేస్తూ కూతుర్ని ఒంటరిగా పెంచింది. దళిత స్త్రీ. మన దేశంలోని రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా తరఫున ఎల్లారెడ్డి నుంచి 1967లోనూ 1972లోనూ అసెంబ్లీకి గెలిచింది, సభలో పెద్ద పెద్దవాళ్లని నిలదీసింది. ఆ పిల్ల గతి ఏమైందంటారా? డాక్టరయింది, తర్వాత మంత్రి కూడా అయింది, గీతారెడ్డి.

వీధిలో అడిగేవాళ్లకి ఏం చెప్పాలని కదా మీ ఇంకో ప్రశ్న. పెద్దవాళ్లు మర్యాదగా అడిగితే "వాళ్ల నాన్నగారు, నేను, అత్తయ్య, ముగ్గురం ఉన్నామండి" అని నవ్వి మాట మార్చండి. విలేకరి అడిగితే "ఈ ప్రశ్న ఎదుటి అభ్యర్థినీ అడిగారా? ఆయనకీ పిల్లలున్నారు, ఆయన ఏం చెప్పారో చెప్పండి, నేనూ అదే చెబుతాను" అనండి. కోపం లేకుండా, గొంతు పెంచకుండా. వాట్సాప్ గ్రూపులో ఏమీ రాయకండి. సంజాయిషీ ఇచ్చిన కొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి.

పోటీ చెయ్యాలా వద్దా అన్నది నేను చెప్పను. పిల్లల పేరు మీద మానుకోవద్దని మాత్రం చెబుతాను. మానుకోవాల్సి వస్తే దానికి వేరే కారణాలు ఉండొచ్చు, అవి పార్టీ దగ్గర తేలతాయి. చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకని 2023లో చట్టం అయితే చేశారు గానీ, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. ఆ లోపు ఇలాంటి పేర్లు అందరూ అనుకుంటూనే ఉంటారు. ముందు మీ పేరు ఎందుకు అనుకుంటున్నారో కనుక్కోండి. గెలిచే సీటుకా, ఓడిపోయే సీటుకా? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి కాగితం మీద 40 లక్షలు, బయట ఎంతవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. అందులో పార్టీ పెట్టేదెంత, మీ ఇంటి మీదికి వచ్చేదెంత? గెలిచాక ఎవరి బదిలీ ఎక్కడికో, ఏ పని ఎవరికో నిర్ణయించేది మీరా, మీ పక్కన కూర్చోబెట్టే ఇంకొకరా? ఈ మూడింటికీ సూటిగా జవాబులు వచ్చేదాకా మీ ఫొటోతో ఫ్లెక్సీ కట్టడానికి ఒప్పుకోకండి. కట్టాక అడిగితే ఎవరూ చెప్పరు.